పోలండ్ రహస్య పోలీసు ఫైళ్ల గురించి రాసే తెలుగు సంపాదకులకు, అనువాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు, ప్రచురణకర్తలకు, అనువాదకులకు నమస్కారం.

కమ్యూనిస్టు పాలన నాటి పోలండ్ గురించి తెలుగులో ఏం రాసినా అందులో ఎక్కడో ఒకచోట రహస్య పోలీసుల ఫైళ్ల ప్రస్తావన వస్తుంది. రాసినవారి రాజకీయాన్ని బట్టి ఆ ప్రస్తావన రెండు రకాలుగా ఉంటుంది. కొందరు "ఆయన పేరు ఫైల్లో దొరికింది కాబట్టి ఏజెంటే" అంటారు. ఇంకొందరు "పోలీసులు రాసుకున్న కాగితాలు, అన్నీ కల్పితాలు" అని కొట్టిపారేస్తారు. రెండూ తప్పే. ఫైలు ఒక ఆఫీసు పనికాగితం. దాన్ని ఎవరు, ఏ నిబంధన కింద, ఏ అవసరానికి తయారుచేశారో తెలిస్తే అందులో ఎంత నమ్మాలో చాలావరకు తేల్చవచ్చు. ఆ తేల్చే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాం. ఒక మనిషి పేరు అచ్చువేసే ముందు దాన్ని పాటించమని మిమ్మల్ని అడుగుతున్నాం.

ఇది ఎక్కడో దూరదేశపు గొడవ అనుకోకండి. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడితే ప్రాణమే పోయిన పల్లెలు ఉత్తర తెలంగాణలో, ఆంధ్ర మన్యంలో ఉన్నాయి. ఆ మాటను ఆధారం లేకుండా అచ్చువేయకూడదని తెలుగు పాఠకుడికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మొదట చూడవలసింది కాగితం మీది సంవత్సరం. 1945 నుంచి 1954 డిసెంబర్ దాకా ఉన్నది స్తానిస్వావ్ రాద్కియెవిచ్ మంత్రిగా నడిచిన ప్రజా భద్రతా మంత్రిత్వ శాఖ. దాని స్థానిక కార్యాలయాలను జనం 'యూబీ' అనేవాళ్లు. 1956 నవంబర్ తర్వాత ఆ పని హోంశాఖలోని భద్రతా సేవకు, అంటే 'ఎస్‌బీ'కి వెళ్లింది. 1990లో దాన్ని రద్దుచేశారు. ఈ రెండు సంస్థల కాగితాలనూ ఒకే కంటితో చదవడం తప్పులన్నిటికీ మొదలు.

యూబీ కాలంలో ముఖ్యమైన కాగితం విచారణ వాంగ్మూలం. వార్సాలోని రకోవియెత్‌స్కా వీధి జైల్లో రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా, కొట్టి, అధికారి తన మాటల్లో రాసుకున్నదాని కింద ఖైదీ చేత సంతకం పెట్టించేవాళ్లు. జర్మన్ ఆక్రమణ కాలంలో రహస్యంగా జర్మన్లతో పోరాడిన దేశీయ సైన్యంలో విధ్వంస విభాగం కెడీవ్‌ను నడిపిన జనరల్ ఆగుస్త్ ఎమిల్ ఫీల్డోర్ఫ్‌ను 1953 ఫిబ్రవరి 24న ఆ జైల్లోనే ఉరితీశారు. ఆయన మీద కేసు నిలబడింది చిత్రహింస పెట్టి సాక్షుల చేత చెప్పించిన వాంగ్మూలాల మీద. 1989లో ఆయన నిర్దోషి అని ప్రభుత్వమే ప్రకటించింది. నాజీ నిర్బంధ శిబిరం ఆష్విట్జ్‌లోకి కావాలని ఖైదీగా వెళ్లి బయటికి సమాచారం పంపిన వితోల్ద్ పిలెత్‌స్కిని 1947 మేలో పట్టుకుని, 1948 మే 25న అదే జైల్లో కాల్చిచంపారు. ఇలాంటి కేసుల వాంగ్మూలాల నుంచి ఒక్క వాక్యం తీసి "ఆయనే ఒప్పుకున్నాడు" అని రాయడం అన్యాయం. ఆ కాగితాలు విచారణాధికారి ఏం కోరుకున్నాడో చెప్పడానికి బాగా పనికొస్తాయి. ఖైదీ ఏం చేశాడో చెప్పడానికి అవి ఒక్కటే చాలవు.

వామపక్ష పాఠకులకు పత్రికలు నడిపే మిత్రులకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఈ చరిత్రను రాయడం కమ్యూనిస్టుల మీద పగతో చేసే పని కాదు. పోలండ్ కమ్యూనిస్టులను అందరికంటే ఎక్కువగా చంపినది స్టాలిన్ యంత్రాంగమే. 1937 ఆగస్టు 11న సోవియట్ రహస్య పోలీసు సంస్థ ఎన్‌కేవీడీ జారీచేసిన 00485 నంబరు ఉత్తర్వు కింద జరిగిన 'పోలిష్ ఆపరేషన్'లో సోవియట్ లెక్కల ప్రకారమే 1,11,091 మందిని కాల్చిచంపారు. వాళ్లలో ఎక్కువమంది సోవియట్ పౌరులైన మామూలు పోలిష్ జనం. అదే ప్రక్షాళనలో పోలండ్ కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం దాదాపు మొత్తం పోయింది. ఆదోల్ఫ్ వర్‌స్కి, వెరా కొస్త్‌షెవా, యూలియాన్ లెన్‌స్కి అందరూ మాస్కోలోనే అంతమయ్యారు. 1938లో ప్రపంచ కమ్యూనిస్టు పార్టీలను మాస్కో నుంచి నడిపిన కొమింటర్న్ ఆ పార్టీనే రద్దుచేసింది, అందులో గూఢచారులు చొరబడ్డారన్న సాకుతో. యుద్ధం తర్వాత యూబీ కూడా పార్టీ లోపలివాళ్లను వెతకడానికి పదో విభాగం పెట్టుకుంది. అది 1951లో పార్టీ మాజీ ప్రధాన కార్యదర్శి వ్వాదిస్వావ్ గొముల్కానే అరెస్టు చేసింది. ఆ విభాగం ఉపాధిపతి యూజెఫ్ ష్వియాత్వో 1953 డిసెంబర్‌లో పశ్చిమ బెర్లిన్‌కు పారిపోయాడు. మరుసటి ఏడాది అమెరికా నడిపిన రేడియో ఫ్రీ యూరప్‌లో ఆ సంస్థ లోపలి సంగతులు వారాల తరబడి చెప్పాడు. మంత్రిత్వ శాఖ రద్దుకావడానికి అదొక ముఖ్య కారణం.

ఇక ఎస్‌బీ కాలం. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి ఒక ఫైలు ఎలా పుట్టేదో వరసగా చెప్తాం.

1970 ఫిబ్రవరిలో హోంమంత్రి ఇచ్చిన 006/70 నంబరు ఉత్తర్వుతో ఆ తర్వాతి ఇరవై ఏళ్ల పనిపద్ధతి ఖరారైంది. ఒక కర్మాగారం గురించో, విద్యార్థి బృందం గురించో సమాచారం కావాలనుకున్న అధికారి ముందుగా ఒక మనిషిని ఎంచుకుంటాడు. అతని పేరు 'సి' విభాగం నడిపే నమోదు పుస్తకంలోకి 'అభ్యర్థి'గా వెళ్తుంది, ఒక నంబరు పడుతుంది. ఆ మనిషికి ఈ సంగతి తెలియదు. అతని ఇల్లు, ఉద్యోగం, అప్పులు, అలవాట్లు, విదేశాల్లో చుట్టాలు, పాస్‌పోర్టు అవసరం అన్నీ ఆరా తీస్తారు. లొంగదీయడానికి నిబంధనల్లో మూడు దారులు ఉండేవి: స్వచ్ఛందంగా ఒప్పించడం, డబ్బో లాభమో చూపడం, అతనికి ఇబ్బంది కలిగించే సమాచారంతో ఒత్తిడి పెట్టడం. అధికారి ఒక ప్రతిపాదన రాసి పైవాడి ఆమోదం తీసుకుంటాడు. ఆ తర్వాతే ఆ మనిషితో మాట్లాడతాడు.

ఒప్పుకుంటే మామూలుగా చేతిరాతతో ఒక హామీపత్రం తీసుకుంటారు, మారుపేరు పెట్టుకోమంటారు. అదే నంబరు మీద అతన్ని 'రహస్య సహకారి'గా మార్చి నమోదుచేస్తారు. పోలండ్‌లో అందరూ 'తే-వు' అనేది దీన్నే. ఒప్పుకోకపోతే అభ్యర్థి ఫైలు మూసి ఆర్కైవుకు పంపుతారు. ఈ చివరి వాక్యం దయచేసి మళ్లీ చదవండి. కాదన్న మనిషి పేరు కూడా ఆ పుస్తకంలో, ఆ కార్డుల్లో నిలిచిపోతుంది. అధికారిని గుమ్మంలోంచే పంపేసినవాడూ, ఇరవై ఏళ్లు సమాచారం అమ్ముకున్నవాడూ ఒకే జాబితాలో పక్కపక్కన ఉండేది అందుకే.

పుస్తకంలో ఇంకా చాలామంది ఉంటారు. 'కా-ఓ' అనే కార్యాచరణ సంపర్కం ఉంటాడు. అతని విషయంలో నిబంధనలు సడలింపుగా ఉండేవి, హామీపత్రం ఉండేది కాదు. తానొక వర్గం కింద నమోదయ్యానని కొందరికి తెలియను కూడా తెలియదు. అధికారి తన మనుషులను కలుసుకోవడానికి గది ఇచ్చిన ఇంటివాళ్ల పేర్లూ నమోదయ్యేవి. ఇక నిఘా కింద ఉన్న మనిషి. అతన్ని 'ఫిగురాంత్' అనేవాళ్లు. అతని మీద తెరిచేది సాధారణ పరిశీలన కేసు కావచ్చు, లోతైన దర్యాప్తు కేసు కావచ్చు. అతను బాధితుడు. బాధితుడి ఫైలును ఏజెంటు ఫైలుగా చదివితే అంతకంటే పెద్ద పొరపాటు ఉండదు.

చర్చి సంగతి వేరే చెప్పాలి. 1962లో చర్చి కోసం ప్రత్యేకంగా నాలుగో విభాగం ఏర్పడింది. మరుసటి ఏడాది నుంచి ఫాదర్లను తయారుచేసే సెమినరీలో చేరిన ప్రతి విద్యార్థి మీదా ఒక ఫైలు తెరవడం మొదలుపెట్టారు. అతను ఫాదర్ అయి చనిపోయేదాకా అది నడిచేది. కాబట్టి "ఆ ఫాదర్ మీద ఫైలు ఉంది" అన్న వార్తలో విషయమేమీ లేదు, అందరి మీదా ఉండేది. ఈ విభాగం కాగితాలతో ఆగిపోలేదు. 1984 అక్టోబర్ 19న ఫాదర్ యెజీ పొపియెవుష్కోను ఎత్తుకుపోయి చంపి, విస్తులా నది మీద వ్వొత్స్వావెక్ దగ్గరి జలాశయంలో పడేసినవాళ్లు ఈ విభాగం అధికారులే. తోరున్ కోర్టు 1985 ఫిబ్రవరిలో కెప్టెన్ గ్‌షెగోష్ పియోత్రోవ్‌స్కికీ, అతని పై అధికారి ఆదాం పియెత్రుష్కాకూ 25 ఏళ్ల చొప్పున శిక్ష వేసింది. వాళ్లకంటే పైన ఎవరు చెప్పి చేయించారన్నది మాత్రం ఆ కోర్టులో తేలలేదు.

సహకారి ఫైలు సాధారణంగా ముక్కలుగా ఉంటుంది. మొదటిది వ్యక్తిగత భాగం: ప్రతిపాదన, హామీపత్రం, మదింపులు. రెండోది పని భాగం: అతను ఇచ్చిన సమాచారాలు. చెల్లింపులు జరిగితే మారుపేరుతో సంతకం పెట్టిన రసీదులుంటాయి. ఒక సమాచార పత్రం చేతికొస్తే పై భాగం కంటే కింది భాగాన్ని ఎక్కువ శ్రద్ధగా చూడాలి. పైన తేదీ, మారుపేరు, తీసుకున్న అధికారి పేరు, చెప్పిన సంగతి ఉంటాయి. కింద అధికారి వ్యాఖ్య, తర్వాత ఇచ్చిన పని, తీసుకోబోయే చర్యలు, ఎన్ని ప్రతులు తయారయ్యాయి, ఏ ప్రతి ఎక్కడికి పోయింది అన్న వరస ఉంటుంది. సహకారి తన చేత్తో రాశాడా, అతను చెప్పగా అధికారి రాసుకున్నాడా అన్నది వెంటనే చూసుకోవాలి. రెండో రకంలో మాటలు అధికారివి. మూడు ముక్కలు విని మూడు పేజీలు రాసి, తన మనిషి ఎంత విలువైనవాడో పైవాళ్లకు చూపించుకునే అలవాటు ఆ ఉద్యోగంలో ఉండేది. పూర్తిగా లేని మనిషిని సృష్టించడం మాత్రం అంత తేలిక కాదు. పై అధికారి అప్పుడప్పుడు తానే వెళ్లి ఆ సహకారిని కలిసే తనిఖీ పద్ధతి ఒకటి ఉండేది.

ప్రతుల వరస ఎందుకు ముఖ్యమంటే, అసలు ఫైలు పోయినా ప్రతి బతికుంటుంది. 1989 వేసవి నుంచి ఎస్‌బీ తన కాగితాలను పెద్దఎత్తున ధ్వంసం చేసింది. ఫాదర్ల ఫైళ్లలో చాలాభాగం అప్పుడే పోయాయి. హోంమంత్రి చెస్వావ్ కిష్చాక్ ధ్వంసాన్ని ఆపమని ఆదేశించింది 1990 జనవరి ఆఖరున, చాలా ఆలస్యంగా. కానీ ఒక సహకారి ఇచ్చిన సమాచారం ప్రతి, ఎవరి గురించి చెప్పాడో ఆ బాధితుడి ఫైల్లోనూ చేరేది. ప్రభుత్వ వ్యతిరేక బృందంలోని క్రాకూఫ్ విద్యార్థి స్తానిస్వావ్ పియాస్ 1977 మే 7న శవమై దొరికాడు. అది హత్యా, ప్రమాదమా అన్న వివాదం నిపుణుల మధ్య నేటికీ తెగలేదు. అతని మిత్రబృందం తర్వాత తమ మీద ఉన్న ఫైళ్లు తెప్పించుకుని చదివితే 'కెత్‌మాన్' అనే మారుపేరుతో ఇచ్చిన సమాచారాలు కనిపించాయి. ఆ సంభాషణలన్నింటిలో ఉన్న మనిషి ఎవరని సరిచూసుకుంటూ పోతే ఆ బృందంలోనివాడే, అప్పటికి పేరున్న పత్రికా రచయిత లెస్వావ్ మలేష్కా తేలాడు. 2001 నవంబర్‌లో అతనే ఒప్పుకున్నాడు. బయటి ఆధారంతో పోల్చి చూడడమంటే ఇదీ.

ఆ బృందంలోనే ఉండి ఆ ద్రోహానికి గురైన బ్రోనిస్వావ్ విల్డ్‌స్టైన్ 2005 ఆరంభంలో ఈ ఫైళ్లను భద్రపరిచే జాతీయ స్మృతి సంస్థ చదువుగదిలోని పేర్ల సూచికను బయటికి తెచ్చి తోటి విలేఖరులకు ఇచ్చాడు. అది ఇంటర్నెట్‌కు ఎక్కింది. 1 లక్షా 60 వేలకు పైగా పేర్లు. అధికారులు, ఉద్యోగులు, సహకారులు, అభ్యర్థులు అందరూ అక్షరక్రమంలో కలిసిపోయి ఉన్నారు. పుట్టిన తేదీ లేదు, వర్గం లేదు. ఒకే పేరున్న వేలమంది పక్కింటివాళ్లకు అనుమానితులయ్యారు. విల్డ్‌స్టైన్ ఆవేదన మాకు అర్థమవుతుంది, ఫైళ్లు తెరవాలన్న అతని కోరికా న్యాయమైనదే. కానీ ఆ సూచిక అలా బయటపడడం మాత్రం హాని చేసిందనే మా అభిప్రాయం.

అంతకుముందు 1992 జూన్ 4న కూడా ఇలాంటిదే జరిగింది. పార్లమెంటు తీర్మానం మేరకు హోంమంత్రి ఆంతోని మచెరెవిచ్ రహస్య సహకారులుగా నమోదైనవారి పేర్ల జాబితాను నాయకులకు అందజేశాడు. ఆ రాత్రే యాన్ ఒల్షెవ్‌స్కి ప్రభుత్వం పడిపోయింది. రెండు వారాల్లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్మానాన్నే కొట్టేసింది. స్టాలిన్ కాలంలో జైలు అనుభవించిన పార్లమెంటు స్పీకర్ వియెస్వావ్ హ్షనోవ్‌స్కి పేరు కూడా ఆ కాగితాల్లో ఉంది. తర్వాత కోర్టులో ఆయన సహకారి కాదని తేలింది.

ఈ లేఖ చదివేవారిలో ఎక్కువమంది అడగబోయేది కార్మిక నాయకుడిగా ఎదిగి దేశాధ్యక్షుడైన లెక్ వాలెసా గురించేనని తెలుసు. ఆయన కేసు పైన చెప్పినదంతటికీ పరీక్ష. ఫైలు ప్రకారం 1970 డిసెంబర్‌లో, బాల్టిక్ తీర నగరాల్లో సైన్యం కార్మికుల మీద కాల్పులు జరిపిన కొద్ది రోజులకే, గ్దాన్‌స్క్ నౌకానిర్మాణ కేంద్రంలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న వాలెసాను 'బోలెక్' అన్న మారుపేరుతో నమోదుచేశారు. సహకరించడానికి ఇష్టపడడం లేదన్న కారణంతో 1976 జూన్‌లో తొలగించారు. 2000లో, అప్పటికి దొరికిన కాగితాలను బట్టి, పదవుల్లోకి వచ్చేవారి గతం గురించిన ప్రకటనలను పరిశీలించే లస్ట్రేషన్ కోర్టు ఆయన తాను సహకారి కాదని ఇచ్చిన ప్రకటన నిజమని తీర్పిచ్చింది. 2016 ఫిబ్రవరిలో, కిష్చాక్ చనిపోయిన కొద్ది నెలలకు, ఆయన ఇంట్లో అసలు ఫైళ్లు బయటపడ్డాయి. క్రాకూఫ్‌లోని ఫోరెన్సిక్ సంస్థ నిపుణులు 2017 జనవరిలో హామీపత్రం, రసీదులు వాలెసా చేతిరాతేనని తేల్చారు. ఆయన ఇప్పటికీ కాదంటున్నారు.

ఇక్కడితో ఆపితే కథ సగమే. 1980 తర్వాత, స్వతంత్ర కార్మిక సంఘం సాలిడారిటీ నాయకుడిగా, ఆయనే ఎస్‌బీకి ప్రధాన లక్ష్యం. 1981 డిసెంబర్ 13న సైనిక పాలన పెట్టినప్పుడు పట్టుకుని సుమారు 11 నెలలు నిర్బంధించారు. ఆయనకు నోబెల్ బహుమతి రాకుండా చేయాలని అదే ఎస్‌బీ 1980ల మొదట్లో 'బోలెక్' పేరుతో నకిలీ కాగితాలు తయారుచేసి బయటికి పంపింది. 1983లో బహుమతి వచ్చింది. అంటే ఒకే మనిషి మీద, ఒకే మారుపేరుతో, నిజమైన కాగితాలూ నకిలీ కాగితాలూ రెండూ ఉన్నాయి. నకిలీలు బయట పంచడానికి చేసినవి. ఎస్‌బీ తన రోజువారీ అవసరానికి దాచుకున్న ఫైలు వేరు. తన అధికారులనే మోసం చేసుకుంటే ఆ సంస్థ పనే సాగదు కదా. ఏ కాగితం ఎవరు చదవడానికి తయారైందన్న ప్రశ్న ఇక్కడ అన్నిటికంటే విలువైనది. నవయువకుడిగా భయపడి చేసిన పని తర్వాతి పదేళ్ల ధైర్యాన్ని చెరిపెయ్యదని మేం నమ్ముతాం. కానీ ఆ నమ్మకం కోసం ఫైలు లేదనడం, నకిలీదనడం మాత్రం చేయం. మీరూ చేయవద్దు.

'సహకారం' అని ఎప్పుడు అనవచ్చు? 1998 నవంబర్‌లో పోలండ్ రాజ్యాంగ న్యాయస్థానం దీనికి గీటురాళ్లు పెట్టింది. భద్రతా సంస్థతో సంబంధం ఉండి సమాచారం ఇచ్చి ఉండాలి. ఎవరికిస్తున్నాడో అతనికి తెలిసి ఉండాలి. అది రహస్యంగా జరగాలి. ఆ సంస్థ రహస్య సమాచార సేకరణలో భాగమై ఉండాలి. ఒప్పుకోలుతో ఆగకుండా చేతల్లో కనిపించాలి. అంటే హామీపత్రం మీద సంతకం పెట్టి ఆ తర్వాత ఏమీ చెప్పనివాడు ఈ లెక్కలో సహకారి కాడు. ఇంకో సంగతి మన పత్రికల్లో దాదాపు ఎప్పుడూ కనిపించదు. పోలిష్ చట్టం సహకారానికి శిక్ష వేయదు. 1972 ఆగస్టు 1కి ముందు పుట్టి ప్రజాపదవికి వచ్చేవారు తమ గతం గురించి ప్రకటన ఇవ్వాలి. శిక్ష ఆ ప్రకటనలో అబద్ధం చెప్పినందుకే. "గూఢచర్యానికి శిక్ష" అని రాస్తే అది తప్పు వార్త.

కాబట్టి మా విన్నపం ఇది. ఒక పేరు అచ్చువేసే ముందు పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిచూడండి. నమోదు ఏ వర్గం కింద ఉందో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాయండి. అభ్యర్థి అయితే అభ్యర్థి అనే రాయండి. హామీపత్రం ఉందా, చేతిరాత సమాచారాలున్నాయా, రసీదులున్నాయా, లేక కార్డు ఒక్కటే మిగిలిందా అన్నది పాఠకుడికి చెప్పండి. కార్డు ఒక్కటే మిగిలితే "నమోదైనట్టు ఉంది" అన్నదాకే ఆగండి. కాగితం అసలా, మైక్రోఫిల్మా, ఫొటో నకలా రాయండి. వార్సా ఆర్చిబిషప్‌గా నియమితులైన స్తానిస్వావ్ వియెల్గుస్ 2007 జనవరి 7న రాజీనామా చేయడానికి కారణమైన కాగితాలు మైక్రోఫిల్మ్ మీదే దొరికాయి. మైక్రోఫిల్మ్ కాబట్టి నమ్మరాదనడం కూడా సరికాదు. ఆర్కైవు నంబరు ఇవ్వండి. జాతీయ స్మృతి సంస్థ దగ్గర సుమారు 90 కిలోమీటర్ల పొడవు అరలు నిండే కాగితాలున్నాయి, నంబరు లేని ఉల్లేఖనను ఎవరూ వెతికి సరిచూడలేరు. సంబంధిత వ్యక్తి ఏమన్నాడో, కోర్టు ఏమందో అదే వ్యాసంలో, అదే పుటలో రాయండి.

అనువాదకులకు ప్రత్యేకంగా ఒకటి. 'అభ్యర్థి', 'సంపర్కం', 'సహకారి', 'నిఘాలో ఉన్న వ్యక్తి' ఈ నాలుగింటినీ 'ఏజెంటు' అన్న ఒక్క మాటలో కుదించకండి. మధ్యలో ఇంగ్లీషు వార్త ఉంటే ఆ కుదింపు అప్పటికే జరిగిపోయి ఉండవచ్చు, పోలిష్ మూలం ఎంత చిన్నదైనా ఒకసారి చూడండి.

ఇప్పటికే అచ్చయిన పుస్తకాల్లో, పాత సంచికల్లో 2005 సూచిక ఆధారంగానో 1992 జాబితా ఆధారంగానో ఎవరినైనా ఏజెంటు అని రాసి ఉంటే వచ్చే ముద్రణలో, వచ్చే సంచికలో సవరణ వేయండి. పేజీ నంబరుతో సహా వేయండి. సరిచూడడంలో సాయం కావాలంటే పోలిష్ చదవగలిగినవాళ్లం ఉన్నాం, ప్రతిఫలం లేకుండా చేస్తాం.

ఇట్లు,
పోలండ్ చరిత్ర చదువుతూ, అనువదిస్తూ ఉన్న కొందరు తెలుగువాళ్లం